చుక్క తరువాత తొంభై

ఈ వ్యవహారంలో నాకు నిశ్చయంగా తెలిసినది కొంచెమే. మా చెల్లెలికి నంగునూరు దిక్కున రెండు తుకుడల భూమి, విడివిడిగా రెండు ముక్కలు, ఉన్నదని, రెండూ కలిపి రెండెకరాల పదిహేను గుంటలని తెలుసు. భూమి పాసుబుక్కు చూశాను, హద్దు గెట్ల వెంట నడిచాను. డ్రిప్పు పైపుల కోసం ఆమె పెట్టుకున్న దరఖాస్తును ఒక వెబ్‌సైటు తీసుకోలేదన్నది తెలుసు. అది నా ఎదుటే, నా ల్యాప్‌టాప్ మీదనే జరిగింది. నిజాన్ని తీసుకోని ఆ వెబ్‌సైటే తరువాత ఒక అబద్ధాన్ని తీసుకున్నదన్నది కూడా తెలుసు.

మిగిలినదంతా వినికిడి. మధ్యాహ్నం సర్వరు మీద భారం పెరిగి ఫారాలు పోవని ఒకరన్నారు. కంప్యూటర్లో పోకపోయినా ఫోన్లో పోతుందని చెల్లెలి భర్త, మా మరిది, అన్నాడు. ఆయనకు చంద్లాపూర్‌లో ఎవరో చెప్పారట, వాళ్లకు ఎవరు చెప్పారో తెలియదు. ఫారం రాసినవాళ్లు హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని రాశారని, దుక్కి ఎట్లా ఉంటుందో వాళ్లు చూడనే లేదని ఇంకొకరు అన్నారు. మొదటి రెండింటినీ పరీక్షించాను, నిలవలేదు. మూడవదాన్ని పరీక్షించే మార్గం నాకు లేదు గనుక దాన్ని నమ్మనూ లేదు, కొట్టివేయనూ లేదు. నమ్మాలని మాత్రం చాలాసార్లు అనిపించింది.

నేను సిద్దిపేటలో డిగ్రీ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. ప్రమాణం లేకుండా ఉత్త అంకె రాసిన జవాబుకు నా దగ్గర మార్కు ఉండదు. ఐదు అని రాస్తే ఐదు ఏమిటి, మీటర్లా, సెకన్లా, మేకలా అని అడుగుతాను. పిల్లలు దీన్ని నా చాదస్తం అనుకుంటారు.

ఆ వెబ్‌సైటు ప్రభుత్వానిది కాదు. కూరగాయలు పండించే చిన్న రైతులకు డ్రిప్పు పైపులు ఉచితంగా ఇచ్చే ఒక స్వచ్ఛంద సంస్థది. అంతకు ముందటి వేసవిలో సంస్థ మనుషులు ఊళ్లు తిరిగి, పాసుబుక్కులు చూసి, ఎవరికి మొత్తం ఎంత భూమి ఉన్నదో రాసుకుని పోయారు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. ఏ తుకుడ ఎంత ఉన్నదో విడివిడిగా చెప్పాలి, దాన్నిబట్టి ఏ తుకుడకు ఎంత పైపు కావాలో వాళ్లు లెక్క కట్టి పంపుతారు. ఆ శనివారంతో గడువు.

చెల్లెలు బుధవారం పొద్దున పాసుబుక్కును ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని మా ఇంటికి వచ్చింది.

“పోన్ల జేసినం, పోలే. మా ఆయన ఫ్రెండు ల్యాప్‌టాప్‌ల జేసిండు, పోలే. నువ్వు సదువుకున్నదానివి, నీ చేతుల పడితె పోతదేమోనని వచ్చిన,” అన్నది చెప్పులు విడుస్తూనే.

“కంప్యూటర్‌కు నా సదువేం తెలుస్తది?”

“తెల్వకపోతె నువ్వే చెప్పు. నర్సరీ ఆయన ఇయ్యాల మల్ల ఫోన్ జేసిండు. ‘అక్కా, నారు ట్రేలల్ల ఆగుతలేదు, తీస్కపోతవా, వేరేటోళ్లకు ఇచ్చుడా’ అంటుండు.”

అసలు కష్టం అక్కడ ఉన్నది. రెండు తుకుడలకూ సరిపడా టమాట నారు ఆమె నర్సరీలో ముందే చెప్పి పెట్టుకున్నది. వాళ్ల బావిలో నీళ్లు తక్కువ. కాలువలు తీసి పారిస్తే ఒక మూల తడిసేసరికి మోటరు గాలి పీలుస్తుంది. చుక్క చుక్కగా పోతేనే రెండు తుకుడలూ తడుస్తాయి. పైపులు రాకపోతే నారు నాటి లాభం లేదు. నాటకుండా ఉంచితే ట్రేలలోనే ముదిరిపోతుంది, ముదిరిన నారు నాటినా కాయదు. శనివారంలోగా దరఖాస్తు పోవాలి, లేదా ఆ పంట కారుకు ఆమె భూమి సాగు లేక పడావు పడుతుంది.

నిజం చెప్పాలంటే ఫారం తెరిచినప్పుడు మొదట నాకు సంతోషమే కలిగింది. పేరు రాయకుండా కిందికి జరిగితే గడి చుట్టూ ఎర్ర గీత వచ్చింది. ఫోన్ నంబరులో ఒక అంకె తక్కువ కొడితే ఒప్పుకోలేదు. అన్ని గడులూ సరిగ్గా నిండేదాకా అడుగున ఉన్న ‘సమర్పించు’ బటన్ బూడిద రంగులోనే ఉండిపోయింది. వెనుకట కాగితాల మీద తీసుకున్నప్పుడు సగం నింపినవి, ఒకే మనిషి రెండుసార్లు పెట్టినవి, ఊరి పేరు లేనివి కుప్పలుగా వచ్చాయట. ఇది సంస్థ తన వెబ్‌సైటులో తానే చెప్పుకున్న మాట. తప్పుడు దరఖాస్తు లోపలికి వచ్చాక ఏరుకోవడం కంటే గుమ్మంలోనే ఆపడం మేలు. ఈ సూత్రంతో నాకు ఏ పేచీ లేదు. ప్రయోగశాలలో మేము చేసేదీ అదే.

భూమి దగ్గరికి వచ్చాం. మొత్తం విస్తీర్ణం గడిలో 2.15 అని ముందే వచ్చి కూర్చున్నది, దాన్ని మార్చడానికి లేదు. కింద తుకుడలకు గడులున్నాయి. రోడ్డు పక్క మెట్ట చెలకకు 1.25 అని కొట్టాను. బాయికాడి, అంటే బావి దగ్గరి, తుకుడకు 0.30 అని కొట్టాను. వెంటనే ఎర్రని అక్షరాలు వచ్చాయి: ‘తుకుడల మొత్తం మీ భూమి విస్తీర్ణంతో సరిపోలడం లేదు. దయచేసి సరైన వివరాలు ఇవ్వండి.’

“గిదే వస్తుంది రోజూ,” అన్నది చెల్లెలు. “సరైనయి ఇయ్యి అంటది. ఇచ్చినయి సరైనయే. ఇంకెన్ని సరైనయి ఇయ్యాలె?”

ఇతర ప్రాంతాల పాఠకుల కోసం ఒక మాట చెప్పాలి. మా దగ్గర ఎకరానికి నలభై గుంటలు. ఎకరాలకూ గుంటలకూ నడుమ చుక్క పెట్టి రాస్తారు. 1.25 అంటే ఒక ఎకరం ఇరవై ఐదు గుంటలు, ఎకరంబావు కాదు. 1.39 తరువాత వచ్చేది 2.00. ఇరవై ఐదు గుంటలకు ముప్ఫై కలిపితే యాభై ఐదు. అందులో నలభై ఒక ఎకరమైతే పదిహేను మిగులుతాయి. కనుక ఒకటి చుక్క ఇరవై ఐదుకు సున్నా చుక్క ముప్ఫై కలిపితే రెండు చుక్క పదిహేను. పాసుబుక్కులో ఉన్నది అదే, సంస్థ మనుషులు చూసి రాసుకుని పోయిందీ అదే. ఫారం మాత్రం దశాంశాలు కూడినట్టు కూడి 1.55 అన్నది. 2.15తో పోల్చుకుని, మమ్మల్ని తప్పుడు మనుషులుగా తేల్చింది. గడి పక్కన ‘ఎకరాలు’ అనీ లేదు, ‘ఎకరాలు–గుంటలు’ అనీ లేదు. ‘విస్తీర్ణం’ అని ఉన్నదంతే. నా తరగతిలో ఆ గడికి మార్కు వచ్చేది కాదు.

కారణం తోచినంత మాత్రాన అదే కారణమని తీర్మానించకూడదు గనుక, ఒక్కొక్కటీ మార్చి చూశాను. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ప్రయత్నించాను. ఎర్ర అక్షరాలకు పూటలతో సంబంధం లేదు. ఫోన్లో చూశాను, అదే మాట. ఇతర గడుల్లో తప్పుందేమోనని వాటినీ పరీక్షించాను. దరఖాస్తుదారు పేరు చోట ‘కుర్చీ’ అని కొడితే గడి పచ్చబడింది. తండ్రి పేరు చోట ‘బల్ల’ అంటే ఒప్పుకున్నది. ఊరి పేరు చోట సున్నా పెట్టాను, దానికీ అభ్యంతరం లేదు. బల్లకు పుట్టిన కుర్చీ సున్నా అనే ఊరినుంచి డ్రిప్పు పైపులు అడిగితే ఆ ఫారానికి సమ్మతమే. మా చెల్లెలు తనకున్న భూమి తనకు ఉన్నదనడం ఒక్కటే దానికి సమ్మతం కాలేదు.

చెల్లెలు వెనుక నిలబడి ఇదంతా చూస్తున్నది.

“నా నారు ముదురుతుంటె నువ్వు కుర్చీకి డ్రిప్పు ఇప్పిస్తున్నవా, అక్కా?”

“తప్పెక్కడున్నదో చూస్తున్న.”

“తప్పెక్కడున్నదో నాకు తెల్వదా? దాంట్ల ఉన్నది. గది ఎట్ల పోవాలె, గది జెప్పు.”

పోనీ, ఫారం భాషలోనే మాట్లాడదామనుకున్నాను. గుంటలను దశాంశాల్లోకి మార్చితే చెలక 1.625 ఎకరాలు. చుక్క తరువాత రెండంకెలకు మించి ఫారం ఒప్పుకోలేదు. 1.63 అని సరిపెట్టాను. బాయికాడిది 0.75. రెండూ కూడితే 2.38. మొత్తం గడిలో మాత్రం 2.15 కదలకుండా కూర్చుని ఉన్నది. మళ్లీ అవే ఎర్ర అక్షరాలు. పైన గుంటల లెక్క, కింద దశాంశాల లెక్క, రెండూ ఒకటి కావాలని నడుమ ఒక షరతు. ఆ షరతును నిజంతో తృప్తి పరచడం మా చెల్లెలి భూమికి గణితపరంగానే సాధ్యం కాదు. ఇది నా అభిప్రాయం కాదు, ఎవరైనా కాగితం మీద వేసి చూసుకోవచ్చు.

మర్నాడు సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. చాలాసేపు సంగీతం విన్న తరువాత ఒక అమ్మాయి గొంతు వచ్చింది. మర్యాద గల గొంతు. ఆ మర్యాదను దాటి లోపలికి పోవడం నా వల్ల కాలేదు.

“మేడం, ఎర్రర్ వస్తోందంటే మీరిచ్చిన వివరాల్లో తప్పుందని అర్థం మేడం.”

“వివరాల్లో తప్పు లేదమ్మా. మీ ఫారం కూడే పద్ధతిలో ఉంది. ఎకరానికి నలభై గుంటలు. మీ ఫారం వంద అనుకుంటోంది.”

“గుంటలా మేడం? గుంటల ఆప్షన్ మా దగ్గర లేదు మేడం. ఏరియా ఒక్కటే ఉంది.”

“ఆ ఏరియా ఎందులో రాయాలి?”

“నంబర్లలో మేడం.”

“నంబర్లలోనే. ఏ కొలతలో?”

ఆమె కొంచెంసేపు ఎవరినో అడిగినట్టున్నది. “మేడం, ఒకసారి బ్రౌజర్ క్యాష్ క్లియర్ చేసి ట్రై చేయండి. అప్పటికీ రాకపోతే పాసుబుక్కులో ఉన్నది ఉన్నట్టు కొట్టండి.”

“పాసుబుక్కులో ఉన్నది ఉన్నట్టు కొడితేనే రావడం లేదు.”

“అయితే పాసుబుక్కులో తప్పుండొచ్చు మేడం. టికెట్ రైజ్ చేస్తాను.”

గంటలోపు ఫోనుకు సందేశం వచ్చింది. దరఖాస్తుదారు తప్పు వివరాలు నమోదు చేశారని, వారికి తగిన మార్గదర్శనం ఇచ్చామని, ఫిర్యాదు పరిష్కారమైందని అందులో ఉన్నది. సంస్థకు ఒక పేజీ మెయిలు రాశాను, నలభై గుంటల పట్టిక కూడా జతచేశాను. మెయిలు అందినందుకు ధన్యవాదాలు చెబుతూ ఒక జవాబు వచ్చింది. అది యంత్రం రాసిన జవాబని నేను నిరూపించలేను. మనిషి రాసినదనడానికి మాత్రం అందులో ఏ ఆధారమూ లేదు.

శుక్రవారం చెల్లెలు నన్ను బస్టాండు దగ్గరి ఇంటర్నెట్ సెంటర్‌కు తీసుకుపోయింది. నడిపేది నడివయసు మనిషి. గోడ పొడుగునా వేసిన కుర్చీల్లో పాసుబుక్కులు పట్టుకున్నవాళ్లు కూర్చున్నారు. ఆయన మా కాగితం ఒక్కసారి చూసి, ఇంకేమీ అడగకుండా చెలకకు 1.25 అని కొట్టాడు. బాయికాడి తుకుడకు 0.90 అని కొట్టాడు. ఎర్ర అక్షరాలు మాయమయ్యాయి. బూడిద రంగు బటన్ పచ్చబడింది.

“ఆగున్రి,” అన్నాను. “తొంభై ఎక్కడిది?”

“సూడున్రి మేడం. పైన ఎంతున్నది? రెండు చుక్క పదిహేను. దాంట్లకెంచి ఒకటి చుక్క ఇరవై అయిదు తీసేస్తె ఎంత మిగిలె? చుక్క తొంభై.”

“చుక్క తర్వాత తొంభై గుంటలు ఎట్లుంటయి? ముప్ఫై తొమ్మిది దాటితె ఎకరమైతది గద.”

“ఉండయి,” అన్నాడు ఆయన, ఏ సంకోచమూ లేకుండా. “మీకు తెల్సు, నాకు తెల్సు, దానికి తెల్వది. దానికి తెల్వని ముచ్చట మీద దాంతోని లొల్లి ఎందుకు? గీ ఫారంల లెక్క లెక్క గాదు మేడం. పచ్చగయిందా లేదా, గదే లెక్క.”

కుర్చీల్లోంచి ఒక ముసలాయన నవ్వాడు. కల్లు గీయడానికి తాళ్లెక్కే మనిషి, మోకు రాపిడికి ముంజేతులు కాయలు కాసి ఉన్నాయి. “మాది గూడ గట్లనే జేసిండు బిడ్డా. బాయికాడ ఇరవై గుంటలుంటె ఎనభై అయినయి. మా నాయిన బతికున్నన్నొద్దులు కష్టపడ్డా గంత సంపాయించలే.”

కుర్చీలన్నీ నవ్వాయి. నాకు నవ్వు రాలేదు. చెల్లెలి చెయ్యి పట్టుకుని బయటి మెట్ల మీదికి తీసుకువచ్చాను.

“అది అబద్ధం. నీ పేరు మీద పోతది.”

“అబద్ధం ఎవలకు? భూమి నాది, నారు నాది. గుంజుకుంటున్ననా ఎవలదన్న?”

“ఎవరన్న వచ్చి కొలిస్తె ఏమంటవు?”

“కొలవనియ్యి. కొలిస్తె నిజం తెలుస్తది గద. నువ్వు గదే కదా మొదటిసంది అడుగుతున్నది.”

గడువు రేపు. చెల్లెలు ఫోను చూపించింది. నర్సరీ ఆయన ట్రేల ఫోటో పంపాడు. నారు పొడుగు సాగి ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నది.

“నువ్వు జర గీడనే నిలవడు,” అన్నది. “నీ మొఖం జూస్తుంటె గాయన చేతులు ఆడ్తలెవ్వు.”

లోపలికి పోయింది. నేను మెట్ల మీద నిలబడ్డాను. కొద్దిసేపటికి ఆమె ఫోను పట్టుకుని వచ్చి నాకు చూపించింది: ‘అభినందనలు. మీ వివరాలు సరిచూడబడ్డాయి.’ ఎవరు సరిచూశారో, దేనితో సరిచూశారో ఆ వాక్యంలో లేదు. కర్త లేని వాక్యాలు ఇటువంటి చోట్ల ఎంత సుఖంగా బతుకుతాయో అప్పుడు అర్థమైంది.

పైపులు చెప్పిన సమయానికే వచ్చాయి, ఆ మాట ఒప్పుకోవాలి. చెల్లెలు అదే రోజు నారు తెచ్చుకున్నది. ఆదివారం గనుక నేనూ పోయాను. వ్యాన్‌లో వచ్చిన ఫిట్టర్ ఏదీ కొలవలేదు. చెలకకు ఒక కట్టల కుప్ప, బాయికాడికి ఒక కుప్ప, ముందే చీటీలు అంటించి ఉన్నాయి. చెలకలో వరుసలు పరుచుకుంటూ పోతే పైపు అయిపోయింది, భూమి మిగిలింది. బాయికాడ భూమి అయిపోయింది, పైపు మిగిలింది.

గట్టు మీద కూర్చుని లెక్క వేశాను. 1.25ను వాళ్లు ఎకరంబావు అనుకున్నారు, అంటే యాభై గుంటలు. చెలక అరవై ఐదు గుంటలు. పదిహేను తక్కువ. 0.90ని ఎకరంలో పదింట తొమ్మిది వంతులనుకున్నారు, అంటే ముప్ఫై ఆరు గుంటలు. అక్కడ ఉన్నది ముప్ఫై. ఆరు ఎక్కువ. ఆరు గుంటల పైపు అటు మోస్తే ఇంకా తొమ్మిది గుంటలు ఎండుగా ఉండిపోతాయి.

“నాకు వచ్చిన కాయితంల ఎంతుంటె గంత తెచ్చిన,” అన్నాడు ఫిట్టర్. “మీరు రాసిచ్చిందే గద మేడం.”

“నేను రాసియ్యలేదు.”

“ఎవలు రాసిచ్చినా మీదే గద.”

మా మరిది ఆ ఆరు గుంటల పైపును భుజం మీద వేసుకుని చెలక దిక్కు నడుస్తూ అన్నాడు, “వదినా, గప్పుడే ఫారం నింపేటప్పుడు కుర్చీ పేరు మీద పెడితె గీ తొమ్మిది గుంటలకు గూడ వచ్చేటియి.” చెల్లెలు ఇంట్లో అన్నీ చెబుతుందన్నమాట.

అదే వెబ్‌సైటులో ఫిర్యాదు ఫారం ఉన్నది. తక్కువ పడిన విస్తీర్ణం ఎంత అని ఒక గడి. ఇక్కడా ప్రమాణం లేదు. 9 అని కొడితే, లోటు మీ మొత్తం భూమిని మించి ఉన్నదని ఎర్ర అక్షరాలు వచ్చాయి. 0.09 అని కొడితే గడి పచ్చబడి ఫిర్యాదు పోయింది. మీరు తెలిపిన విస్తీర్ణానికి సరిపడా పైపులు పూర్తిగా అందాయని రెండు రోజులకు జవాబు వచ్చింది. అది అబద్ధం కాదు. మేము తెలిపిన విస్తీర్ణానికి అవి సరిపోయాయి. లేని భూమికి సరిగ్గా సరిపోయిన పైపులను ఉన్న భూమి మీద పరుచుకున్నది మేమే.

ఆ తొమ్మిది గుంటల్లో కూడా చెల్లెలు నారు నాటింది. పారబోయడం ఆమె వల్ల కాలేదు. సాళ్ల నడుమ కాలువలు తీసి, మోటరు నీళ్లు పోసినంతసేపు పోయనిచ్చి పారించింది. దానివల్ల డ్రిప్పు వరుసలకు కొన్ని పూటలు నీళ్లు అందలేదు గానీ అవి తట్టుకున్నాయి. తొమ్మిది గుంటల నారు మాత్రం చాలావరకు ఎండిపోయింది. తక్కినది కాసింది, బాగానే కాసింది. మొదటి కోత రోజు ఫోన్ చేసి, “నీ లెక్క తప్పలే అక్కా, సరిగ్గ తొమ్మిది గుంటలే ఎండినయి,” అన్నది. మెచ్చుకున్నదో దెప్పిందో ఇప్పటికీ చెప్పలేను. నాకు మాత్రం కోపమే వచ్చింది, ఆమె మీద కాదు.

తొమ్మిది గుంటలతో ఇది ముగిసేది. కానీ పైపులు పరిచిన ఆ ఆదివారం ఆమె చెలక గెట్టు అవతలి రైతుతో నాకు మాట కలిసింది. ఆయనది ఒకే తుకుడ, మూడెకరాల ముప్ఫై గుంటలు. ఆయన దరఖాస్తు మొదటిసారికే పచ్చబడిందట. పైన 3.30, కింద 3.30, పోల్చడానికి ఇంకేమీ లేదు. ఆయన భూమిలో ఒక కొసకు చాలా జాగ పైపు లేకుండా పడావుగా ఉన్నది.

“గా కొసకు ఎందుకు ఎయ్యలే?” అని అడిగాను.

“పైపు అయిపోయింది మేడం. ఊకెనె ఇచ్చేటోళ్లు నిండుగ ఇస్తరా? జర తక్కువనే ఇస్తరు.”

“అడగలేదా?”

“ఏమని అడగాలె? ఫారం తప్పులేకుంట పోయింది. పాస్ అయిందని మెసేజ్ గూడ వచ్చింది.”

3.30ని దశాంశంగా తీసుకుంటే నూట ముప్ఫై రెండు గుంటలు. ఆయనకు ఉన్నవి నూట యాభై. పద్దెనిమిది గుంటలు తక్కువ. ఆయన అనుమతితో ఆ పడావు కొసను టేపుతో కొలిచాను. పద్దెనిమిదికి దగ్గరగానే వచ్చింది.

ఇంటికి వచ్చి ఆలోచిస్తే ఆ ఫారం చేసే పని స్పష్టంగా కనిపించింది. తుకుడల గుంటలు కలిసి నలభైకి చేరినప్పుడు మాత్రమే అది ఆపుతుంది. చేరకపోతే రెండు లెక్కలూ ఒకటే అంకె చూపుతాయి, ఫారం పచ్చబడుతుంది. ఒకే తుకుడ ఉన్నవాళ్లను అసలే ఆపదు. మా చెల్లెలికి ఎర్ర అక్షరాలు వచ్చాయి గనుక మేము చూశాం, కొట్లాడాం, లెక్క వేశాం. ఏ ఎర్ర గీతా చూడనివాళ్లకు అడగడానికి కారణమే లేదు. చుక్క తరువాత సున్నాలున్న వాళ్లకు నష్టం లేదు, మిగిలినవాళ్లందరికీ ఎంతో కొంత తక్కువ వచ్చి ఉండాలి. ఉండాలి అంటున్నాను, వచ్చింది అనడం లేదు.

ఎంతమందికి వచ్చింది, ఎంత తక్కువ వచ్చింది అన్నది నేను తేల్చలేకపోయాను. పైపులు అందుకున్నవాళ్ల పేర్లు, విస్తీర్ణాలు చెప్పమని సంస్థను అడిగితే, అవి వ్యక్తిగత వివరాలన్నారు. ఈ విషయమై తమకు ఏ ఫిర్యాదూ రాలేదన్నారు. మా ఫిర్యాదు పరిష్కారమైపోయినందువల్ల వచ్చినవాటి లెక్కలో లేదు కాబోలు. అట్లయితే నేనే కొలుస్తానని మరో ఆదివారం టేపు తీసుకుని మరిదితో ఊళ్లోకి పోయాను. మొదటి చేనులోనే ఒక ముసలామె అడ్డం వచ్చింది.

“ఎవలమ్మా నువ్వు, సర్వేదానివా? మా గెట్టు సక్కగనే ఉన్నది.”

“గెట్టు కోసం గాదు అవ్వా, పైపులు లేని జాగ ఎంతున్నదో చూద్దామని.”

“పైపుల కోసం టేపు ఎందుకు? గాడు పంపిండా నిన్ను?”

గాడు అంటే పక్క చేను మనిషి. ఆయన అప్పటికే తన గట్టు మీదికి వచ్చి నిలబడ్డాడు. ఎన్నడో ఎవరో జరిపిన హద్దురాయి మాట మొదలైంది. ఆమె కొడుకు బండి దిగి వచ్చాడు, అవతలినుంచి ఇంకో ఇద్దరు వచ్చారు. మరిది నా చేతిలోంచి టేపు తీసుకుని చుట్టేశాడు.

“నడువు వదినా. ఇంకో తుకుడ కొలిస్తె గీ పంచాది నా ఇంటికి వస్తది.”

కనుక నా దగ్గర ఉన్నవి రెండు భూముల కొలతలు. రెండూ ఒకే దిక్కు చూపుతున్నాయి, అయినా రెండు కొలతల మీద నిలబడి మండలం గురించి మాట్లాడితే నా విద్యార్థులే నన్ను నిలదీస్తారు. మూడవ కొలతకు టేపు పట్టుకున్న మనిషిని ఎవరూ గెట్టు దాటనివ్వడం లేదు.